స్లీవ్ సర్జరీ కోసం అమెరికా నుంచి హైదరాబాద్‌కి: లావుగా ఉన్నవాళ్లు దూర విమానానికి సిద్ధమయ్యే పద్ధతి

నేను డాలస్ నుంచి హైదరాబాద్ వెళ్లి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (బరువు తగ్గేందుకు పొట్టలో ఎక్కువ భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) చేయించుకుని తిరిగొచ్చాను. బయలుదేరేనాటికి నా బరువు 131 కిలోలు. అప్పట్నుంచి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "సీటు పట్టిందా? బెల్టు సరిపోయిందా? ఎవరైనా ఏమైనా అన్నారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా వరస తప్పకుండా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఇవి నా ప్రయాణపు లెక్కలు. కువైట్ నుంచో లండన్ నుంచో వెళ్లేవాళ్లకి గంటలు తగ్గుతాయి, పనుల వరస మాత్రం ఇదే. మందుల గురించి రాసినవాటిని మీ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలుగా తీసుకోండి. సొంతంగా ఏదీ ఆపొద్దు, మొదలుపెట్టొద్దు.

1. ముందు తిరుగు ప్రయాణం తేదీ తేల్చండి

అందరూ వెళ్లే టికెట్ దగ్గర మొదలుపెడతారు. మీరు వచ్చే టికెట్ దగ్గర మొదలుపెట్టండి. వెళ్లేటప్పుడు మనకి ఉండేది ఇరుకు. వచ్చేటప్పుడు ఉండేది ప్రమాదం.

నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణమైనా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పుని పెంచుతుంది. ఒళ్లు ఎక్కువగా ఉంటే ఆ ముప్పు ఇంకొంచెం, కొత్తగా ఆపరేషన్ అయి ఉంటే మరికొంచెం. ఈ మూడూ ఒకేచోట కలిసేది తిరుగు విమానంలోనే. బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ తర్వాత వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం డిశ్చార్జ్ అయి ఇంటికెళ్లాక, మొదటి నెలలోనే బయటపడతాయి. స్లీవ్ కుట్టు దగ్గర లీకు వచ్చేదీ ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లోనే. అట్లాంటిక్ మీద ఎగురుతుండగా లీకు మొదలైతే చెయ్యగలిగింది పెద్దగా ఉండదు.

బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ సలహా ప్రకారం మామూలు పొట్ట ఆపరేషన్ తర్వాత 4, 5 రోజులు, పెద్ద ఆపరేషన్ అయితే 10 రోజులు ఆగి విమానం ఎక్కొచ్చు. ఈ అంకె చూసి రెండు వారాలకే టికెట్ కొనేవాళ్లున్నారు. విమానం ఎక్కగలగడం వేరు, 20 గంటలు కూర్చుని ప్రయాణం చేయడం వేరు. నా సర్జన్ నాలుగు వారాలు దాటేదాకా కదలొద్దన్నారు. మీ సర్జన్ ఎన్ని రోజులంటారో టికెట్ కొనకముందే మెయిల్‌లో రాయించుకోండి.

నా క్యాలెండర్ ఇలా నడిచింది:

- 1 నుంచి 3వ రోజు: విశ్రాంతి, నిద్ర సర్దుకోవడం
- 4 నుంచి 8: పరీక్షలు
- 4 నుంచి 17: లివర్ చిన్నదయ్యేందుకు ఇచ్చే తక్కువ క్యాలరీల డైట్
- 18: సర్జరీ
- 21: డిశ్చార్జ్
- 28, 35, 45: సర్జన్ దగ్గర చెకప్‌లు
- 48: తిరుగు ప్రయాణం

మొత్తం ఏడు వారాలు. అంత సెలవు దొరకదంటే ముందు భాగం కోసుకోండి: పరీక్షలు మీరుండే ఊళ్లోనే చేయించుకుని రిపోర్టులు పంపండి, డైట్ అక్కడే మొదలుపెట్టండి. ఆపరేషన్ తర్వాతి రోజుల్ని మాత్రం ఒక్కటి కూడా తగ్గించొద్దు. అలాగే దూర విమానం దిగిన మర్నాడే ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లకండి. గంటలకొద్దీ కూర్చుని వచ్చిన కాళ్లకి కనీసం వారం నడక కావాలని నా అభిప్రాయం.

తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. అక్కడ మిగుల్చుకునే 200 డాలర్లు మిమ్మల్ని తొందరపెడతాయి.

కాగితాల సంగతి రెండు మాటల్లో. ఇండియా పాస్‌పోర్ట్ లేదా ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే కార్డు) ఉంటే ఇబ్బంది లేదు. రెండూ లేనివాళ్లకి ఈ-మెడికల్ వీసా ఉంది, 60 రోజులు, తోడు వచ్చేవాళ్లకి విడిగా అటెండెంట్ వీసా. హెచ్1బీ వాళ్లు వీసా స్టాంపింగ్‌నీ సర్జరీనీ ఒకే ట్రిప్పులో కలపకండి. ఒకదాని తేదీ జరిగితే రెండోది చెడుతుంది.

2. ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి

ఆసుపత్రి కోఆర్డినేటర్ ప్యాకేజీ ధర గబగబా చెప్పేస్తారు. మీరు మెల్లగా ఇవి అడగండి.

- నా బీఎంఐకి (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క), నా జబ్బులకి సర్జరీ అవసరమేనా? (2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సిఫార్సు చేస్తారు. మన ఆసియా వాళ్లకి 27.5 నుంచే ఆలోచించొచ్చు.)
- ఆపరేషన్ టేబుల్, సీటీ స్కాన్, మంచం, వీల్‌చెయిర్ ఎంత బరువు మోస్తాయి? అంకె చెప్పమనండి.
- సర్జరీ నిజంగా చేసేది ఎవరు? మర్నాడు ఆయన ఊళ్లో ఉంటారా?
- ప్యాకేజీలో పొట్టని కోసి కుట్టే స్టేప్లర్లు, ఐసీయూ, అదనపు రోజులు, రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఉన్నాయా?
- మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది?
- నేను అమెరికా వెళ్లాక రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ఇండియా ఇన్సూరెన్స్ పాలసీ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఈ సర్జరీకి డబ్బు రావాలంటే బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటివి ఉండాలి. దానిపైన పాలసీ వెయిటింగ్ పీరియడ్ చూసుకోవాలి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లు మనంతట మనం ప్లాన్ చేసుకున్న ఆపరేషన్‌కీ, దానివల్ల వచ్చే చిక్కులకీ సాధారణంగా డబ్బులివ్వవు.

ఇదే వారంలో ఇంకో ఫోన్ చెయ్యాలి, మీ ఊళ్లో మిమ్మల్ని చూసే డాక్టరుకి. వేరే దేశంలో సర్జరీ చేయించుకున్నవాళ్లని తీసుకోవడానికి కొన్ని క్లినిక్‌లు వెనకాడతాయి. తిరిగొచ్చాక వెతుక్కోవడం కష్టం. ముందే చెప్పి ఒప్పించుకోండి.

3. ఇంట్లో కుర్చీ, దర్జీ టేపుతో కొలత

ఈ పని చెయ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది, సిగ్గువల్ల. చేశాక సగం భయం పోయింది.

1. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించండి. కూర్చున్నప్పుడు మీ తుంటి గోడకి తగలాలి.
2. రెండో పక్క ఒక అట్టపెట్టెని తుంటికి తగిలేదాకా జరపమని ఇంట్లోవాళ్లకి చెప్పండి.
3. లేచి, గోడకీ పెట్టెకీ మధ్య దూరాన్ని దర్జీ టేపుతో కొలవండి.
4. భుజాల దగ్గరా ఇలాగే కొలవండి. కొందరికి తుంటి సరిపోయినా భుజాలు పక్క సీట్లోకి వెళ్తాయి.

మా తమ్ముడు పెట్టె జరిపి, టేపు పట్టుకుని, "ఇరవై ఒకటి అక్కా" అన్నాడు. అంతే. ఇంకేం మాట్లాడలేదు, ఆ అంకెని కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ తర్వాత నేను చేసిన ప్రతి ఫోన్‌లోనూ ఆ కాగితం ముందు పెట్టుకునే మాట్లాడాను.

ఎకానమీ సీటు వెడల్పు 17 నుంచి 18 అంగుళాలు. వరసకి పది సీట్లుండే బోయింగ్ 777లో దాదాపు 17. ఎయిర్‌బస్ ఎ350, ఎ380ల్లో 18కి దగ్గర. ఆ అంగుళం తేడా 15 గంటల్లో బాగా తెలుస్తుంది.

- 17 లోపు వస్తే: ఒక సీటు చాలు, నడవ పక్కది తీసుకోండి.
- 17 నుంచి 19: ఎ350 లాంటి విమానం వెతకండి, ప్రీమియం ఎకానమీ ఆలోచించండి.
- 19 దాటితే: ఎకానమీలో పక్కపక్కన రెండు సీట్లు.

ప్రీమియం ఎకానమీ దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. అక్కడ సీటు కొంచెం వెడల్పే గానీ, మధ్యలో చేతిపట్టీ పైకి లేవదు. 21 అంగుళాల తుంటికి 19 అంగుళాల పెట్టెలాంటి సీటు ఎంత ఖరీదుదైనా ఇరుకే. అదే ధరలో ఎకానమీ సీట్లు రెండు కొని మధ్య పట్టీ ఎత్తేస్తే 34 అంగుళాలు దొరుకుతాయి. బిజినెస్ క్లాస్ తీసుకునే స్తోమత ఉంటే హాయి. వచ్చేటప్పుడు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు గనక, ఒకవైపుకే డబ్బుంటే తిరుగు ప్రయాణానికి వాడండి. అయితే ఆ సీట్లకీ పక్కన గట్టి గోడలుంటాయి, ఆ మోడల్ సీటు వెడల్పు అడిగాకే కొనండి.

4. సీటు ఎంచుకోవడం

అత్యవసర ద్వారం వరస వద్దు. బెల్టు ఎక్స్‌టెండర్ (బెల్టు పొడవు పెంచే అదనపు ముక్క) వాడేవాళ్లని అక్కడ కూర్చోనివ్వరు. ప్రతి క్యాబిన్‌లో మొదటి వరసా వద్దు. కాళ్లు చాపుకోవచ్చని ఆశపడతాం గానీ, అక్కడ భోజనం బల్ల చేతిపట్టీలోనే ఉంటుంది. ఆ పట్టీ ఎత్తలేం, దానివల్ల సీటు ఇంకా ఇరుకవుతుంది. చిట్టచివరి వరస సీట్లు కొన్ని విమానాల్లో వెనక్కి వాలవు.

నా ఓటు నడవ పక్క సీటుకీ, దాని పక్కనున్న మధ్య సీటుకీ. కిటికీ వైపు తోడొచ్చినవాళ్లు. గంటకోసారి లేవాలి కాబట్టి నడవ తప్పదు. ట్రాలీ తగులుతుంది, నిజమే, భోజనాల వేళ ఒక అరగంట మధ్యకి జరిగితే సరిపోతుంది.

నడవ పక్క చేతిపట్టీ కూడా చాలా విమానాల్లో లేస్తుంది. పట్టీ అడుగున, వెనక కీలు దగ్గర వేలితో తడిమితే చిన్న మీట తగులుతుంది. అది నొక్కి పట్టీ ఎత్తాలి. లేచేటప్పుడు, కూర్చునేటప్పుడు చాలా సుఖం. దొరక్కపోతే క్రూని అడగండి.

హైదరాబాద్ నుంచి ఇంకో చిన్న ఊరికి వెళ్లాల్సినవాళ్లు చూసుకోండి, చిన్న ఎయిర్‌పోర్టులకి ఏటీఆర్ అనే చిన్న విమానాలు నడుస్తాయి. చిన్న తలుపు, మెట్లు, ఇరుకు నడవ. నాలుగైదు గంటల దూరమైతే కారే నయం. దేశంలోపల ఇండిగోలో అదనపు సీటు కొనే వీలు 2020 నుంచి ఉంది.

5. అదనపు సీటు బుక్ చేయడం

వెబ్‌సైట్‌లో ఇద్దరు ప్రయాణికులుగా మీ పేరే రెండుసార్లు కొట్టకండి. డూప్లికేట్ బుకింగ్ అని ఒకటి రద్దయిపోయే ప్రమాదం ఉంది. ఫోన్ చేసి ఇలా చెప్పండి: "నా ఒళ్లు ఎక్కువ, నా పక్క సీటు నాకే కావాలి, ఎక్స్‌ట్రా సీట్ ఫర్ కంఫర్ట్ బుక్ చెయ్యండి." వాళ్ల భాషలో దాని కోడ్ ఈఎక్స్ఎస్‌టీ. టికెట్ మీద ఆ నాలుగక్షరాలు పడ్డాయా లేదా చూసుకోండి.

మాటలు వెతుక్కోనక్కర్లేదు. బరువు చెప్పడానికి నాకు మొదట నోరు రాలేదు. కాగితం చూసి "కూర్చుంటే 21 అంగుళాలు" అన్నాను, అవతలి అమ్మాయి మామూలుగా "సరే మేడమ్, రెండు సీట్లు" అంది.

ఫోన్ పెట్టేముందు:

- రెండు సీట్లూ పక్కపక్కనే అని నంబర్లతో సహా మెయిల్ రావాలి
- ప్రయాణంలో ఉన్న *అన్ని* విమానాలకీ అదనపు సీటు ఉండాలి, కనెక్టింగ్‌కి కూడా
- రెండు కంపెనీల విమానాలుంటే రెండో కంపెనీకి విడిగా ఫోన్
- రెండో సీటుకి సామాను, మైళ్లు ఇస్తారో లేదో, డబ్బు వాపసు నిబంధన ఏమిటో

ఇక జరిగిన పొరపాటు చెప్తాను, ఇది చాలామందికి జరుగుతుంది. కనెక్టింగ్ గేటు దగ్గర నా బోర్డింగ్ పాస్ ఒకటే స్కాన్ చేశారు. రెండోది నా చేతిలోనే ఉండిపోయింది. కంప్యూటర్ లెక్కలో ఆ సీటు మనిషి రాలేదు కాబట్టి ఇంకొకరికి ఇచ్చేశారు. నేను వెళ్లేసరికి నా మధ్య సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. పాపం ఆయన తప్పేం లేదు. మెయిల్ ప్రింటు చూపించాక క్రూ ఆయనకి వేరే సీటిచ్చారు గానీ, ఆ పదినిమిషాలు నడవలో నిలబడటం నాకిప్పటికీ గుర్తే.

సవరణ సులువు. ప్రతి గేటు దగ్గరా *రెండు* పాస్‌లూ ఇచ్చి, "రెండూ స్కాన్ చెయ్యండి" అని నోటితో చెప్పండి. బుకింగ్ మెయిల్ కాగితం మీద ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకోండి. లోపలికి వెళ్లగానే సీటు మీద దుప్పటి పరిచి, రెండో పాస్ దానిపైన పెట్టండి.

6. బెల్టు, వీల్‌చెయిర్

బెల్టు ఎక్స్‌టెండర్ ఉచితం. విమానం తలుపు దగ్గర స్వాగతం చెప్పే క్రూని అక్కడే అడగండి: "సీట్‌బెల్ట్ ఎక్స్‌టెండర్ కావాలి, సీటు 34సీ." సీటు దగ్గరకి తెచ్చిస్తారు. ఆన్‌లైన్‌లో అమ్మేవి కొనకండి. విమానాన్ని బట్టి బకిల్ మారుతుంది, పైగా సొంతవాటిని చాలా కంపెనీలు ఒప్పుకోవు. దుప్పటి కింద బెల్టు పెట్టుకున్నట్టు నటించేవాళ్లున్నారు. దయచేసి వద్దు, ఒక్క కుదుపు చాలు.

వీల్‌చెయిర్‌ని 48 గంటల ముందే అడగాలి. మూడు రకాలుంటాయి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లెక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లెక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటుదాకా తీసుకెళ్లాలి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు రెండోది అడగండి, ఎందుకంటే విమానం బయట నిలిపి బస్సులో తీసుకెళ్తే మెట్లు దిగాల్సి వస్తుంది. వెడల్పాటి కుర్చీ కావాలనీ, మీ బరువు ఎంతో అనీ చెప్పండి. చెప్పకపోతే మామూలు కుర్చీ వస్తుంది, పక్కల ఒత్తుకుపోతుంది.

7. మందులు, సీపాప్, మేజోళ్లు

బయలుదేరడానికి నెల ముందే డాక్టర్ దగ్గర కూర్చుని ఈ జాబితా తేల్చుకోండి.

- డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు: సర్జరీకి కనీసం 3 రోజుల ముందు ఆపిస్తారు. తిండి బాగా తగ్గించిన రోజుల్లో వీటివల్ల కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదకర స్థితి) రావొచ్చు, అప్పుడు షుగర్ రీడింగ్ మామూలుగానే కనబడి మోసం చేస్తుంది. డైట్ మొదలుపెట్టేముందే అడగండి.
- ఇన్సులిన్, గ్లిమెపిరైడ్: తక్కువ క్యాలరీల డైట్‌లో పాత మోతాదే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఈ కారణంగానే నేను డైట్‌ని విమానంలో కాకుండా దిగాక మొదలుపెట్టాను.
- సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ (షుగర్‌కీ బరువు తగ్గడానికీ వాడే ఇంజెక్షన్లు): కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. మత్తు డాక్టర్‌కి ఆఖరి ఇంజెక్షన్ తేదీ చెప్పి తీరాలి.
- ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు: గడ్డల ముప్పు పెంచుతాయి. ఎన్నాళ్ల ముందు ఆపాలో, బదులు ఏం వాడాలో అడగండి. సర్జరీ తర్వాత ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోవాలి.
- సిగరెట్: కనీసం నెల, నెలన్నర ముందు మానాలి.

గడ్డకట్టకుండా విమానానికి ముందు ఇంజెక్షన్ కావాలా అన్నది అందరికీ ఒకేలా ఉండదు. ఇంతకుముందు గడ్డ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా చెప్పి డాక్టర్‌నే తేల్చమనండి.

మోకాలి కిందిదాకా వచ్చే కంప్రెషన్ (కాలిని బిగించి పట్టే) మేజోళ్లు వాడండి. పొద్దున్న లేవగానే, వాపు రాకముందు పిక్క చుట్టుకొలత తీసి ఆర్డర్ చెయ్యండి. లావు పిక్కలకి వెడల్పు సైజు విడిగా దొరుకుతుంది. పైఅంచు చుట్టుకుపోయి తాడులా బిగిస్తే మేలు చెయ్యకపోగా కీడు. కాలి ధమనుల జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు.

సీపాప్ మిషన్‌ని (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదేది) చేతి సామానుగానే తీసుకెళ్లండి. వైద్య పరికరం కాబట్టి అమెరికా నుంచి వెళ్లే విమానాల్లో దాన్ని చేతి సామాను లెక్కలో కలపరు. బ్యాటరీ 100 వాట్-అవర్ లోపు అయితే ఇబ్బంది లేదు, 100 నుంచి 160 మధ్య ఉంటే కంపెనీ అనుమతి కావాలి, ఏదైనా క్యాబిన్‌లోనే. నీళ్ల తొట్టి ఖాళీ చేసి పెట్టండి. ఆపరేషన్ రాత్రి కూడా ఆ మిషన్ ఆసుపత్రిలో మీ పక్కన ఉండాలి.

8. చేతి సంచి

- మందులన్నీ అసలు డబ్బాల్లో, చీటీతో సహా, వారం రోజులవి అదనంగా
- రిపోర్టులు కాగితం మీదా, ఫోన్‌లోనూ
- బుకింగ్ మెయిల్ ప్రింటు
- నాడా కట్టుకునే వదులు కాటన్ ప్యాంటు ఒక జత మార్చుకోడానికి
- తొడల మధ్య ఒరిపిడికి వాజెలిన్
- తడి టిష్యూలు, చిన్న తువ్వాలు
- పాదాలు వాచినా పట్టే చెప్పులు
- ఖాళీ నీళ్ల సీసా

9. ప్రయాణం రోజు

ఎక్కే ముందు ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ టాయిలెట్ వాడుకోండి. విమానంలో టాయిలెట్ ఇరుకని నీళ్లు మానేయడం మనం చేసే అతి పెద్ద తప్పు. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, లేవకపోతే కాళ్లలో నిలుస్తుంది, రెండూ కలిసి మనం భయపడే గడ్డనే తెస్తాయి. అమెరికాకి వచ్చిపోయే రెండు నడవల విమానాల్లో కనీసం ఒక టాయిలెట్ వీల్‌చెయిర్ పట్టేంత వెడల్పుంటుంది. ఎక్కగానే అది ఎక్కడుందో క్రూని అడగండి.

టాయిలెట్లోకి వెనక్కి నడుస్తూ వెళ్లండి, లోపల తిరగాల్సిన పని ఉండదు. భోజనాలకి ముందు వెళ్తే క్యూ ఉండదు.

కూర్చున్నప్పుడు అరగంటకోసారి మడమ ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి, ఇరవైసార్లు. గంటకోసారి నడక. నిద్రమాత్ర వేసుకుని ఎనిమిది గంటలు కదలకుండా పడుకోవడం అస్సలు వద్దు.

భోజనం బల్ల పొట్టకి తగిలి సమంగా దిగకపోతే మీ రెండో సీటు బల్ల వాడుకోండి.

పక్కవాళ్లు మొహం చిట్లించొచ్చు. "నాకు రెండు సీట్లున్నాయి, మీకు ఇబ్బంది ఉండదు" అని మీరే ముందు పలకరిస్తే చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. ఎవరైనా మాట తూలితే జవాబు మీరు చెప్పకండి, క్రూని పిలవండి.

10. హైదరాబాద్‌లో దిగాక

శంషాబాద్ నుంచి ఇంటికి పెద్ద కారే మాట్లాడుకోండి. ఉండే ఇంట్లో ముందుగా మూడు చూసుకోండి: లిఫ్ట్, వెస్టర్న్ టాయిలెట్, గట్టి కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చోకండి, కాళ్లు విరిగి పడితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఒక చెక్క కుర్చీ, మంచం పక్కన పట్టుకుని లేవడానికి ఆసరా ఏర్పాటు చేసుకుంటే ఆపరేషన్ తర్వాత కూడా పనికొస్తాయి.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే నడిపిస్తారు. మొదట పలచని ద్రవాలు, తర్వాత చిక్కటివి, తర్వాత మెత్తగా చేసినవి, వారాలవారీగా. నాకు ఇచ్చింది 30 మిల్లీలీటర్ల మందు కప్పు. వడకట్టిన చారు ఆ కప్పుతో పావుగంట తాగాను. మన ఇళ్లలో చుట్టాలు చూడటానికి వస్తారు, చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. మా పిన్ని కొబ్బరి లౌజు తెచ్చి "ఒక్కటి తింటే ఏమవుతుందే" అంది, ప్రేమతోనే. డైట్ కాగితం ఫ్రిజ్ మీద అంటించి, వచ్చినవాళ్లకి చెప్పే పని తమ్ముడికి అప్పజెప్పాను. మీరూ ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి.

వీటిలో ఏది కనబడినా పొద్దుటిదాకా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి:

- కూర్చున్నా నాడి 120 దాటడం
- జ్వరం, చలి
- పెరిగే పొట్టనొప్పి, ఎడమ భుజంలో నొప్పి
- ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి
- ఒక పిక్క వాచి వేడిగా ఉండటం
- నీళ్లు కూడా నిలవని వాంతులు (రోజుల తరబడి సాగితే బీ1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతింటాయి)

11. తిరుగు విమానం

చివరి చెకప్‌లో తీసుకోవాల్సినవి: ఫిట్ టు ఫ్లై లేఖ (విమానం ఎక్కొచ్చని డాక్టర్ ఇచ్చేది), విమాన కంపెనీ అడిగితే మెడిఫ్ ఫారం (ప్రయాణికుడి ఆరోగ్యం గురించి డాక్టర్ నింపేది), డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, మందుల చీటీ. ఎనోక్సాపారిన్ లాంటి రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తే ప్రయాణం రోజు ఏ గంటకి వేసుకోవాలో అందులో రాయించండి. రెండు దేశాల టైములూ రాయించండి, లేకపోతే మధ్యలో లెక్క తప్పుతుంది.

అదనపు సీటు రద్దు చేద్దామా అనిపిస్తుంది, పదిహేను కిలోలు తగ్గి ఉంటారు గనక. చెయ్యొద్దు. కాళ్లు కదిలించే చోటు ఇప్పుడే ఎక్కువ అవసరం.

విమాన భోజనం మీద ఆధారపడకండి. పెరుగు, సూప్ సెక్యూరిటీ దగ్గర ద్రవాల లెక్కలోకి వస్తాయి. ప్రోటీన్ పొడి చిన్న పొట్లాలుగా కట్టుకుని, సెక్యూరిటీ దాటాక కొన్న నీళ్లతో కలుపుకోండి. 2018 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులకి అదనపు తనిఖీ ఉంది, క్యాబిన్‌లోకి ఒప్పుకోకపోవచ్చు కూడా. పెద్ద డబ్బా చెక్-ఇన్ సూట్‌కేసులో వేయండి.

నీళ్లు గుక్కెడు గుక్కెడుగా. ఒకేసారి గడగడా తాగే పొట్ట ఇప్పుడు లేదు, మరిచిపోయి దాహం వేశాక తాగుదామంటే ఆలస్యమైపోతుంది. నేను ఫోన్‌లో పది నిమిషాలకో అలారం పెట్టుకున్నాను, శబ్దం లేకుండా వణికేలా. సోడా, కూల్‌డ్రింకులు వద్దు. పైన గాలి ఒత్తిడి తగ్గడంతో పొట్టలో గ్యాస్ ఉబ్బుతుంది, చిన్న పొట్టకి అది నొప్పే.

మధ్యలో దిగే ఊళ్లో కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి. అందులో అరగంట నడక. వీల్‌చెయిర్ ఉన్నా సరే, కొంతసేపు లేచి నడవండి.

దిగాక రెండు వారాల్లోపు పిక్క నొప్పి గానీ, ఆయాసం గానీ వస్తే ఎమర్జెన్సీకి వెళ్లి మొదటి వాక్యంలోనే చెప్పండి: "నెల కిందట ఇండియాలో స్లీవ్ సర్జరీ, మొన్న 20 గంటల విమానం." ఆ రెండూ చెప్తే డాక్టర్లు గడ్డ కోసం వెంటనే వెతుకుతారు.

12. ఇంటికి చేరిన వారం

- కాగితాలన్నీ మీ డాక్టర్‌కి ఇవ్వండి
- బీపీ, షుగర్ మందుల మోతాదు మళ్లీ చూపించుకోండి, బరువుతోపాటు అవీ తగ్గించాల్సి రావొచ్చు
- మల్టీవిటమిన్, బీ12, డీ, ఐరన్, కాల్షియం సిట్రేట్ మొదలయ్యాయో లేదో చూసుకోండి. ఐరన్, కాల్షియం మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి
- 3, 6, 12 నెలల రక్తపరీక్షలకి అపాయింట్‌మెంట్లు ఆరోజే తీసుకోండి
- హైదరాబాద్ సర్జన్‌తో మొదటి వీడియో కాల్ తేదీ పెట్టుకోండి, రెండు ఊళ్ల టైమూ క్యాలెండర్‌లో రాసి